అర లీటరు

యాదమరి పాలకేంద్రం. తెల్లారి ఐదున్నర.
క్యాన్ల మూతలు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.
నా చేతిలో ట్యాబు, ట్యాబులో ఇరవై రెండు ప్రశ్నలు,
ఒక్కోదానికి ఐదు చుక్కలు.
పాల లెక్కల యాప్ ఎంత చిక్కనో
నేను చూసి చెప్పాలి.

దేశమ్మ వంతొచ్చింది.
"గుండీ ఎక్కడుందో కనబడుతోందామ్మా?"
"నాకు అది కనబడతాది. నా వేలే దానికి కనబళ్ళేదు."
బొటనవేలు చూపించింది.
ముప్పై ఏళ్ళు పొదుగు పితికీ గడ్డి కోసీ
గీతలన్నీ అరిగిపోయి
వాగులో రాయిలా నున్నగా ఉంది.
ఈమె ఎవరో తెలియదని యంత్రం మూడుసార్లు అంది.
కొట్టంలో ఆవు ఆ వేలిని
చీకట్లో కూడా పోల్చుకుంటుంది.
అది రాయడానికి ఫారంలో చోటు లేదు.
రెండు చుక్కలు వేశాను.

"పిన్ను నంబరు ఎవరికైనా చెప్పావా?"
"ఎవురికీ చెప్పలే. మా గౌరి ఈనిన తేదీ"
అంది, గట్టిగా.
వరసంతా నవ్వింది.
ఆ రోజు జున్ను తినని వాళ్ళు
ఆ వరసలో లేరు.

డబ్బులు పడుతున్నాయా అంటే మాత్రం
ముఖం విప్పారింది.
"దాన్ని అనకూడదు. పదో రోజుకు పడతాయి.
ముందు వాడు వెన్న మూడంటే మూడు, నాలుగంటే నాలుగు.
ఇప్పుడు అంకె నా కళ్ళ ముందర ఉంటాది,
కొట్లాడేదానికి పట్టు దొరికింది."
ఐదు చుక్కలు. ఇంకోటి ఉంటే అదీ వేసేదాన్ని.

తర్వాత అనుమతులు చదివాను.
మీరున్న చోటు. మీ ఫొటోలు.
మీ ఫోన్లో పేర్లు. మీ మైకు.
"పాలల్లో నీళ్ళు చూసేదానికి
నా గొంతెందుకమ్మణ్ణీ?"
వద్దు అని నొక్కి చూపించాను.
తెర తెల్లబోయి మూసుకుపోయింది.
"ఓహో" అంది దేశమ్మ.
"అయితే అడగడం కాదన్నమాట ఇది."

వరస కరిగిపోయింది.
క్యాను కడిగి బోర్లించి నన్ను పక్కకు పిలిచింది.
"ఒకటి చెప్తా. రాసుకోవద్దు."
ట్యాబును చున్నీ కింద దాచాను.

సాయంత్రం పోసేది మూడున్నర.
ఇంట్లో చెప్పేది మూడు.
ఆరేళ్ళుగా ఆ అర లీటరు ఆమెది.
చిట్టీల కాలంలో కేంద్రం ఆయన రెండు చిట్టీలు రాసేవాడు,
ఒకటి గూట్లోకి, ఒకటి బొడ్లోకి.
అందులోంచే వచ్చాయి
ఒక జత కళ్ళద్దాలు,
అక్కకు ఉబ్బసం మందు,
గంగజాతరలో ఎవరికీ చెప్పకుండా
నిలబడి తిన్న ఒక ఐస్‌క్రీము.

ఇప్పుడు లెక్క ఫోనుకు పోతుంది.
ఫోను మొగుడిది.
"టింగుమంటాది ఆయన జేబులో. మూడున్నర అని.
ఎవురో కంపెనీవోళ్ళు నా లెక్క దొంగిలిస్తారని
నువ్వు భయపెడతా ఉండావు.
వాళ్ళ మొగం నేను చూసిందా పెట్టిందా?
ఇది దొంగతనం కాదమ్మణ్ణీ,
నిజమే చెప్పింది.
చెప్పకూడని చోట చెప్పింది."

పదిహేడో ప్రశ్న: మీ సమాచారం భద్రంగా ఉందని అనుకుంటున్నారా?
అవును. కాదు. చెప్పలేను.
మూడింటి మీదా వేలు తిప్పాను,
ఏదీ నొక్కలేదు.
ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు,
అదొక లోపం, దాన్ని మాత్రం రాశాను.

చిత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక
ట్యాబు సన్నగా వణికింది.
"ఈ చోట నలభై ఒక్క నిమిషాలు ఆగారు.
కారణం తెలపండి."

మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి.
నన్నూ కొలుస్తున్నారని
నాకెవరూ చదివి వినిపించలేదు.
లేదా వినిపించే ఉంటారు, చేరిన రోజు,
సరే అని నొక్కే ఉంటాను.

నెట్‌వర్కు లేదు, అని రాశాను.
తెర మూలన
నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.